చూపుకూ చేతికీ ఒకే వాకిలి: జావా సర్వర్ల దూర పర్యవేక్షణ చరిత్ర

జావా భాషలో రాసిన వాణిజ్య ప్రోగ్రాములను రాత్రింబవళ్లు నడిపిస్తూ, వాటికి అందే అభ్యర్థనలను, డేటాబేసుతో ఉండే సంబంధాలను, మెమరీ పంపకాన్ని తానే చూసుకునే వేదికను అప్లికేషన్ సర్వర్ అంటారు. వెబ్‌లాజిక్, వెబ్‌స్పియర్, జేబాస్, గ్లాస్‌ఫిష్ ఈ కోవకు చెందినవి. టామ్‌క్యాట్‌ను కచ్చితంగా చెప్పాలంటే సర్వ్‌లెట్ కంటెయినర్ అనాలి గానీ, వాడుకలో అది కూడా ఈ పంక్తిలోనే కూర్చుంటుంది. ఆపరేటింగ్ సిస్టమ్ వైపు నుంచి చూస్తే ఈ వ్యవస్థ మొత్తం ‘జావా’ అన్న పేరుతో నడిచే ఒకే ఒక్క ప్రాసెస్‌గా కనిపిస్తుంది. ప్రోగ్రాము వస్తువులు నివసించే హీప్ అనే మెమరీ భాగం ఎంత నిండిందో, థ్రెడ్ అనే ఏ పనిపోగు ఏ తాళం కోసం ఎదురుచూస్తూ నిలిచిపోయిందో, డేటాబేసు కనెక్షన్ల నిల్వ ఎప్పుడు అడుగంటిందో బయటి నుంచి చూసేవారికి తెలియదు. అందువల్ల లోపలి స్థితిని లోపలి నుంచే చెప్పించే ఒక మార్గం అవసరమైంది. ఆ మార్గాన్ని వేసినవారు చూడడానికీ, చూసినదాన్ని మార్చడానికీ ఒకే వాకిలి పెట్టారు. దూరం నుంచి జరిగే పర్యవేక్షణను సురక్షితం చేయడానికి తర్వాతి రెండు దశాబ్దాలలో జరిగిన ప్రయత్నాలలో చాలా భాగం ఆ ఒక్క నిర్ణయం చుట్టూ తిరిగినవే.

ఈ పద్ధతి జావాతో పుట్టలేదు. నెట్‌వర్కు పరికరాల స్థితిని దూరం నుంచి తెలుసుకోవడానికి 1988 ఆగస్టులో ప్రకటించిన ఎస్‌ఎన్‌ఎంపీ, అంటే సరళ నెట్‌వర్కు నిర్వహణ నియమావళి, అప్పటికే ఒక దారి వేసి ఉంచింది. పరికరం తన వివరాలను ఒక పట్టికగా సిద్ధం చేసుకుంటుంది, నిర్వాహకుడి యంత్రం ‘గెట్’ అనే సందేశంతో వాటిని చదువుతుంది, ‘సెట్’ అనే సందేశంతో మారుస్తుంది. ఈ రెంటికీ కావలసిన అనుమతి ‘కమ్యూనిటీ స్ట్రింగ్’ అనే ఒక పదం మాత్రమే. అది తీగ మీద ఎవరైనా చదవగలిగే విధంగా ప్రయాణించేది. చదవడానికి ‘పబ్లిక్’, మార్చడానికి ‘ప్రైవేట్’ అనే పదాలే అనేక పరికరాలలో తయారీ నుంచి వచ్చేవి, వాటిని మార్చే ఓపిక అందరికీ ఉండేది కాదు. ఈ బలహీనత తెలిసిన నిర్వాహకులు ‘సెట్’ను మూసివేసి ‘గెట్’ను మాత్రమే వాడుకోవడం అలవాటు చేసుకున్నారు; ధ్రువీకరణనూ ఎన్‌క్రిప్షన్‌నూ, అంటే సందేశాన్ని ఇతరులకు అర్థం కాని రూపంలోకి మార్చే పద్ధతినీ, జోడించిన మూడవ రూపం 2002 డిసెంబరులో పూర్తి ప్రమాణంగా వెలువడేసరికి ఆ అలవాటు స్థిరపడిపోయింది. భద్రత లేకపోవడం వల్లనే చూపు, చేయి విడిపోయిన విచిత్రమైన ఘట్టమిది, జావా ప్రపంచం దీని నుంచి వెంటనే ఏమీ నేర్చుకోలేదు.

సన్ మైక్రోసిస్టమ్స్ 1995 మేలో జావాను ప్రకటించింది. 1997లో వచ్చిన జేడీకే 1.1తో పాటు ఆర్‌ఎంఐ అనే సౌకర్యం చేరింది. ఒక యంత్రంలోని ప్రోగ్రాము మరో యంత్రంలోని వస్తువును తన పక్కనే ఉన్నట్టు పిలిచి పని చేయించుకోవడం దాని సారాంశం. భాషకు కొత్త ప్రమాణాలు చేర్చేందుకు 1998 డిసెంబరులో జావా కమ్యూనిటీ ప్రాసెస్ ఏర్పడినప్పుడు, దానిలో నమోదైన తొలి ప్రతిపాదనలలో మూడవది నిర్వహణకు సంబంధించినదే. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ నగరంలో ఉన్న సన్ ఇంజనీర్ల బృందం అంతకుముందే చేసిన పరికరాల నుంచి ఎదిగిన ఈ ప్రతిపాదన, 2000 సంవత్సరంలో జేఎంఎక్స్, అంటే జావా మేనేజ్‌మెంట్ ఎక్స్‌టెన్షన్స్, అనే పేరుతో పూర్తి రూపం దాల్చింది. దీనిలో ప్రధాన భావన ఎంబీన్: ప్రోగ్రాములోని ఏ భాగమైనా తన గురించి చెప్పదలచిన విలువలను ‘ఆట్రిబ్యూట్లు’గా, తనతో చేయించదగిన పనులను ‘ఆపరేషన్లు’గా ప్రకటించుకునే చిన్న వస్తువు. మెమరీకి సంబంధించిన ఎంబీన్‌నే తీసుకుంటే, హీప్ వాడకం ఎంతో చెప్పే విలువా, చెత్త వస్తువులను ఊడ్చివేయమనే ‘జీసీ’ ఆజ్ఞా అందులో పక్కపక్కనే ఉంటాయి. నాడి చూసేవాడి చేతికే కత్తి కూడా అందించిన ఈ అమరిక రూపకర్తల దృష్టిలో లోపం కాదు, ఆ సాంకేతికతకు అదే సొగసు; అప్పటి అవసరాలను బట్టి చూస్తే వారిని తప్పు పట్టడం కూడా సులభం కాదు.

తొలి జేఎంఎక్స్‌లో దూరం నుంచి అనుసంధానం కావడానికి ప్రామాణిక మార్గం లేదు. దాని నిర్మాణాన్ని మూడు అంతస్తులుగా వర్ణించి, దూర సేవలకు చెందిన పై అంతస్తును తర్వాతి కాలానికి వదిలివేశారు. ఆ ఖాళీని ఒక్కొక్క సంస్థ ఒక్కొక్క విధంగా పూరించుకుంది: వెబ్‌లాజిక్ తన సొంత టీ3 నియమావళిని, వెబ్‌స్పియర్ 8880 సంఖ్య గల పోర్టు అనే నెట్‌వర్కు ద్వారం మీద సోప్ సందేశాలను వాడగా, జేబాస్ ఒక వెబ్ పేజీనే నిర్వాహకుల ముందు పెట్టింది. ఎమన్ మెక్‌మానస్ సారథ్యంలో జేఎస్‌ఆర్ 160 అనే ప్రమాణం 2003లో పూర్తయ్యాకనే అందరికీ ఒకే దారి ఏర్పడింది. 2004 సెప్టెంబరు 30న విడుదలైన జావా 5 ఆ దారిని భాషతో పాటే పంచిపెట్టింది, జేకన్సోల్ అనే గ్రాఫుల పరికరాన్ని కూడా జతచేసింది. సర్వర్‌ను మొదలుపెట్టే ఆజ్ఞలో ఒక పోర్టు సంఖ్యను చేర్చితే చాలు, ఎక్కడో దూరంగా ఉన్న యంత్రంలో హీప్ గీతలు రంపపు పళ్లలా ఎక్కుతూ దిగుతూ కనిపించేవి.

ఇక్కడ చరిత్రకారుడు కొంత ఆగవలసి ఉంది, ఎందుకంటే జావా 5 నిర్మాతలు భద్రతను మరచిపోయారన్న అభిప్రాయం తరచు వినిపిస్తుంది గానీ అది సరికాదు. పోర్టును తెరిచిన మరుక్షణం పాస్‌వర్డ్ ధ్రువీకరణ, ఎస్‌ఎస్‌ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ పొర రెండూ వాటంతట అవే అమలులోకి వచ్చేవి. చదవడానికి మాత్రమే వీలున్న ‘మానిటర్ రోల్’, మార్చడానికి కూడా వీలున్న ‘కంట్రోల్ రోల్’ అనే రెండు పాత్రలను నమూనా ఫైళ్లలో విడివిడిగా చూపించారు కూడా. చిక్కు వాటిని అమర్చుకోవడంలో ఉంది. పాస్‌వర్డ్ ఫైలును యజమాని తప్ప మరెవరూ చదవలేని విధంగా అనుమతులు మార్చకపోతే సర్వర్ మొదలయ్యేదే కాదు. విండోస్ యంత్రాల మీద ఆ అనుమతులను మార్చడం ఒక ప్రత్యేకమైన ప్రయాస. ఎస్‌ఎస్‌ఎల్ కోసం కీటూల్ అనే పరికరంతో తాళంచెవుల జతను తయారుచేసి, సర్వర్ ధ్రువపత్రాన్ని కీస్టోర్ అనే ఫైలులో దాచి, ఆ ధ్రువపత్రాన్ని నమ్మే ట్రస్ట్‌స్టోర్ అనే మరో ఫైలును జేకన్సోల్ నడిపే యంత్రానికి అందించి, ఈ ఫైళ్ల పాస్‌వర్డులను మళ్లీ ప్రారంభ ఆజ్ఞలో రాయవలసి వచ్చేది. జావాతో వచ్చే ధ్రువపత్రాల ఫైలుకు మొదటి పాస్‌వర్డ్ ‘చేంజిట్’, అంటే ‘దీన్ని మార్చు’ అని. పేరులోనే సలహా ఉన్నా, లెక్కలేనన్ని యంత్రాలలో ఆ పదం అలాగే మిగిలిపోయింది. ఇన్ని మెట్లు ఎక్కడం కంటే ఆథెంటికేట్, ఎస్‌ఎస్‌ఎల్ అనే రెండు అమరికల పక్కన ‘ఫాల్స్’ అని రాయడం సులభం కనుక, పరీక్షల కోసమని మాత్రమే పత్రాలలో చూపిన ఆ రెండు పంక్తులు ఒక ప్రారంభ ఫైలు నుంచి మరొక ప్రారంభ ఫైలుకు నకలవుతూ, అసలు వ్యాపారం నడిచే సర్వర్లలోకి కూడా చేరాయి.

ఈ తాళాలు తీసివేసిన వాకిలి ఎంత ప్రమాదకరమో దాని సామర్థ్యాన్ని బట్టి తెలుస్తుంది. అక్కడికి చేరిన వ్యక్తి ఉన్న ఎంబీన్లను చదవడంతో ఆగనవసరం లేదు. కొత్త ఎంబీన్‌ను సృష్టించమని కూడా కోరవచ్చు. అలా సృష్టించదగిన వాటిలో ఎమ్‌లెట్ అనేది ఒకటి: ఇంటర్నెట్‌లో ఎక్కడో ఉన్న ఒక పాఠ్య ఫైలు చిరునామా ఇస్తే, ఆ ఫైలులో పేర్కొన్న ప్రోగ్రామును దింపుకొని సర్వర్ లోపల నడిపించే సాధనం. వెబ్ పేజీలోకి దిగి నడిచే చిన్న జావా ప్రోగ్రాములైన ఆప్లెట్లు నాగరికంగా అనిపించిన కాలంలో, నిర్వహణ భాగాలను కూడా అదే విధంగా దూరం నుంచి తెచ్చుకోవచ్చునన్న ఉత్సాహంతో చేర్చినది ఇది. ధ్రువీకరణ లేని పోర్టు దగ్గర అది అపరిచితుడి ప్రోగ్రామును ఇంట్లోకి ఆహ్వానించే పత్రంగా మారింది.

భద్రతకు ఎదురైన రెండవ అడ్డంకి ఆర్‌ఎంఐ స్వభావంలో ఉంది. నిర్వాహకుడు తెరిచిన పోర్టు వద్ద ఉండేది ఒక రిజిస్ట్రీ మాత్రమే. అది స్టబ్ అనే ప్రతినిధి వస్తువును చేతికిచ్చి, అసలు సంభాషణ కోసం మరో పోర్టుకు పంపుతుంది, ఆ రెండవ పోర్టు సంఖ్య సర్వర్ మొదలైన ప్రతిసారీ మారుతుంది. లోపలికి వచ్చే రద్దీని పోర్టుల వారీగా వడగట్టే ఫైర్‌వాల్‌కు ఏ సంఖ్యను అనుమతించాలో ముందుగా తెలియదు. పైగా స్టబ్‌లో రాసి ఉండే చిరునామా సర్వర్ తన గురించి తాను అనుకునే చిరునామా. లినక్స్ యంత్రంలో ఆ పేరు 127.0.0.1కు, అంటే ‘నేనే’ అనే అర్థమిచ్చే అంతర్గత చిరునామాకు ముడిపడి ఉంటే, దూరాన ఉన్న జేకన్సోల్ తన సర్వర్‌ను తన యంత్రంలోనే వెతుక్కునేది. కారణం తెలియక, పైకి వచ్చే ‘కనెక్షన్ విఫలమైంది’ అనే సందేశాన్ని భద్రతా అమరికల తప్పుగా భావించి, ఉన్న తాళాలను ఒక్కొక్కటిగా తీసివేసినవారు కొందరు, ఫైర్‌వాల్‌లో వేల పోర్టులను ఒకేసారి తెరిచినవారు మరికొందరు. రెండవ పోర్టును స్థిరపరచే ప్రత్యేక శ్రోతను, అంటే సర్వర్ మొదలైనప్పుడు తానూ మేలుకొని ఒక పని చేసే భాగాన్ని, టామ్‌క్యాట్ 6 శ్రేణిలోనే సమకూర్చగా, జావా స్వయంగా ఆ వీలును కల్పించింది 2012లో వచ్చిన 7వ రూపపు నాల్గవ సవరణలో. ఒక్క సంఖ్యను నిర్ణయించుకునే స్వేచ్ఛ కోసం ఎనిమిదేళ్లు నిరీక్షించవలసి వచ్చిందన్నమాట.

ఆ మధ్యకాలంలో నిర్వాహకులు ఆశ్రయించిన మార్గం ఎస్‌ఎస్‌హెచ్ సొరంగం. హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయంలో, నెట్‌వర్కు మీద పాస్‌వర్డులను దొంగచాటుగా విన్న ఒక దాడి తర్వాత, టాటూ యులోనెన్ 1995లో తయారుచేసిన ఈ సాధనం రెండు యంత్రాల నడుమ ఎన్‌క్రిప్షన్ ఉన్న ఒక గొట్టాన్ని వేస్తుంది. జేఎంఎక్స్ పోర్టును బయటి ప్రపంచానికి తెరవకుండా, ఆ గొట్టం గుండా మాత్రమే అందుకోవచ్చు. జేఎంఎక్స్ సొంత తాళాల కంటే ఈ అరువు తాళమే ఎక్కువ నమ్మకంగా పనిచేసిందని చెప్పడం అతిశయోక్తి కాదు. తెలుగు నేలకు ఈ చరిత్రతో ఉన్న సంబంధం ఇక్కడే స్పష్టమవుతుంది. 1998లో హైదరాబాదులో సైబర్ టవర్స్ ప్రారంభమైన తర్వాతి సంవత్సరాలలో, అమెరికా, ఐరోపా సంస్థల సర్వర్లను రాత్రి షిఫ్టులలో కనిపెట్టి ఉండే ‘ప్రొడక్షన్ సపోర్ట్’ ఉద్యోగం ఒక వృత్తిగా పెరిగింది, అమీర్‌పేట శిక్షణ కేంద్రాలలో జావాతో పాటు వెబ్‌లాజిక్, వెబ్‌స్పియర్ అడ్మినిస్ట్రేషన్ కూడా విడి కోర్సులయ్యాయి. సర్వర్ ఉన్న గదికీ దాని హీప్ గీతను చూసే కంటికీ నడుమ ఒక సముద్రమే ఉన్న ఈ వృత్తిలో, దూర పర్యవేక్షణ నిత్యకృత్యమైంది.

తాళం లేని వాకిళ్లలో చరిత్రకెక్కినది జేబాస్‌ది. మార్క్ ఫ్లూరీ 1999లో ప్రారంభించిన ఈ సర్వర్ తన అంతర్భాగాలన్నింటినీ జేఎంఎక్స్ మీదనే నిర్మించుకుంది. కొత్త ప్రోగ్రామును సర్వర్‌లోకి దింపే యంత్రాంగం కూడా ఒక ఎంబీన్ కావడం వల్ల, ‘జేఎంఎక్స్ కన్సోల్’ అనే వెబ్ పేజీని చేరినవారు సర్వర్‌తో ఏమైనా చేయించగలిగేవారు. ఉచితంగా లభించే పాత రూపాలలో ఆ పేజీకి మొదట్లో పాస్‌వర్డే ఉండేది కాదు. పాస్‌వర్డ్ పెట్టిన రూపాలలో మరో లోపం 2010లో బయటపడింది: భద్రతా నియమం వెబ్ అభ్యర్థనలలోని ‘గెట్’, ‘పోస్ట్’ రకాలకు మాత్రమే వర్తించేటట్లు రాసి ఉండడంతో, ‘హెడ్’ అనే మూడవ రకం అభ్యర్థన పాస్‌వర్డ్ లేకుండానే లోపలికి వెళ్లి పని ముగించుకొని వచ్చేది. ‘తాళం వేసితిని, గొళ్ళెం మరచితిని’ అన్న సామెతకు కంప్యూటర్ల లోకంలో ఇంతకంటే సరిపోయే ఉదాహరణ దొరకడం కష్టం. సవరణ వెంటనే వచ్చినా వేసుకోనివారు చాలామంది మిగలడంతో, 2011 అక్టోబరులో ఈ లోపం ద్వారా తనంతట తానే వ్యాపించే ఒక వర్మ్ కనిపించింది. 2016లో ఆసుపత్రుల వంటి సంస్థలను డబ్బు కోసం స్తంభింపజేసిన శామ్‌శామ్ అనే దుష్ట ప్రోగ్రాము వెనుక ఉన్నవారు కూడా సవరించని జేబాస్ సర్వర్లనే ప్రవేశ ద్వారాలుగా ఎంచుకున్నారు.

పాస్‌వర్డ్ ఉంటే చాలునన్న విశ్వాసానికి దెబ్బ తగిలింది దాదాపు అదే కాలంలో. ఒక వస్తువును బైట్ల వరుసగా మార్చి పంపి, అవతల మళ్లీ వస్తువుగా అల్లుకోవడాన్ని జావాలో సీరియలైజేషన్ అంటారు. ఆర్‌ఎంఐ సంభాషణ అంతా దీని మీదనే నడుస్తుంది. తెలివిగా కూర్చిన బైట్ల వరుసను తిరిగి అల్లుతున్నప్పుడే దాడిచేసేవాడి ఆజ్ఞ అమలయ్యేటట్లు చేయవచ్చునని క్రిస్ ఫ్రోహోఫ్, గేబ్రియల్ లారెన్స్ 2015 జనవరిలో ప్రదర్శించగా, ఆ నవంబరులో వెబ్‌లాజిక్, వెబ్‌స్పియర్, జేబాస్ వంటి సర్వర్ల మీద ఇది పనిచేస్తుందన్న సంగతి లోకానికి తెలిసింది. జేఎంఎక్స్ విషయంలో ఇది మరీ విపరీతం, ఎందుకంటే వచ్చిన వ్యక్తి చూపే పేరు, పాస్‌వర్డులు కూడా ఒక జావా వస్తువుగానే వస్తాయి. అవి సరైనవో కావో పరిశీలించడానికి ముందే ఆ వస్తువును అల్లుకోవాలి. అంటే గుర్తింపు కార్డును చదవడానికి తీసుకున్న కావలివాడు ఆ కార్డు తాకగానే కూలిపోతాడు. అప్పటికి జావా బాధ్యత చేపట్టి ఉన్న ఒరాకిల్ 2016 ఏప్రిల్‌లో ఈ లోపాన్ని సవరించింది. అయితే ఫైర్‌వాల్ చిక్కు తీర్చడానికి టామ్‌క్యాట్ సమకూర్చిన పైన చెప్పిన శ్రోత, అనుసంధానాన్ని తనదైన పద్ధతిలో నిర్మించుకున్నందున ఆ సవరణ ఫలితాన్ని అందుకోలేదు. సీవీఈ-2016-8735 అనే సంఖ్యతో ఆ నవంబరులో దానికి విడిగా సవరణ ప్రకటించవలసి వచ్చింది. భద్రమైన ఫైర్‌వాల్‌తో ఇమిడిపోవాలని చేసిన ఏర్పాటే బీటగా మారడం ఈ కథలోని విడ్డూరం. అల్లుకునే వస్తువుల రకాలను ముందే వడగట్టే సౌకర్యం జావా 9 కోసం రూపొంది, 2017 జనవరిలో జావా 8కు కూడా అందింది.

దాడుల పరంపరకు సమాంతరంగా సర్వర్ల నిర్మాతల ఆలోచనలోనూ మార్పు వచ్చింది. 2011లో వెలువడిన గ్లాస్‌ఫిష్ 3.1, కీస్టోర్ల కసరత్తు అంతటినీ ‘ఎనేబుల్-సెక్యూర్-అడ్మిన్’ అనే ఒకే ఆజ్ఞలో ఇమిడ్చింది. దానితో నిర్వహణ సంభాషణ మొత్తం ఎన్‌క్రిప్షన్ కిందికి వస్తుంది, ఖాళీ పాస్‌వర్డ్ ఉన్న నిర్వాహక ఖాతా ఒక్కటి మిగిలి ఉన్నా ఆ ఆజ్ఞ అమలుకావడానికి నిరాకరిస్తుంది. సురక్షిత మార్గాన్ని సులభమైన మార్గంగా కూడా చేసిన ఈ చిన్న ఆజ్ఞకు, దాని వెనుక ఉన్న గణితం కంటే ఎక్కువ చారిత్రక విలువ ఇవ్వవచ్చు. జేబాస్ 7వ తరం పాత కన్సోల్‌ను తొలగించి, నిర్వాహకుడు స్వయంగా ఒక వాడుకరిని చేర్చేవరకు దూరం నుంచి ఎవరినీ లోపలికి రానివ్వని పద్ధతికి మారింది. అయినా పాత అలవాటు పూర్తిగా చావలేదు: కాసాండ్రా డేటాబేసు 2015లో మూసివేసిన తన జేఎంఎక్స్ పోర్టు తర్వాతి రూపాలలో మళ్లీ తెరుచుకుని 2018లో బయటపడింది, సోల్ర్ శోధన సర్వర్ 8.1.1, 8.2.0 రూపాలు ధ్రువీకరణ లేని దూర జేఎంఎక్స్‌ను అమరికల ఫైలులోనే తెరిచి ఉంచి విడుదలయ్యాయి.

చూపునూ చేతినీ విడదీసే పని చివరకు జేఎంఎక్స్ బయటి నుంచి జరిగింది. సౌండ్‌క్లౌడ్ సంస్థలో 2012లో మొదలైన ప్రొమీథియస్ అనే పర్యవేక్షణ వ్యవస్థ, సర్వర్ల నుంచి అంకెలను మాత్రమే క్రమం తప్పకుండా సేకరిస్తుంది. దానికోసం రూపొందిన జేఎంఎక్స్ ఎక్స్‌పోర్టర్ జావా ప్రాసెస్ లోపలే కూర్చొని, ఎంబీన్ల విలువలను చదివి, సాదా పాఠ్యంగా వెబ్ పోర్టు మీద పెడుతుంది. జీసీని నడపమనీ, ఎమ్‌లెట్‌ను సృష్టించమనీ దాన్ని అడగడానికి భాషే లేదు. ఎస్‌ఎన్‌ఎంపీ నిర్వాహకులు ‘సెట్’ను మూసి సాధించుకున్న స్థితి ఇక్కడ నిర్మాణంలోనే వచ్చింది. ప్రొమీథియస్ తన సొంత పేజీలకు ఎన్‌క్రిప్షన్‌నూ పాస్‌వర్డునూ చేర్చుకున్నది 2021 జనవరిలో మాత్రమే అన్నది ఇక్కడ గుర్తుంచుకోదగినది. చదవడానికి మాత్రమే వీలున్న అంకెలు కూడా వ్యాపార రద్దీని, యంత్రాల పేర్లను బయటపెట్టగలవు. జావా ప్రోగ్రాములు నిర్మించే చట్రమైన స్ప్రింగ్ బూట్ కూడా, 2019 అక్టోబరులో వచ్చిన 2.2 రూపంలో, జేఎంఎక్స్‌ను అడిగితే తప్ప తెరవని సౌకర్యాల జాబితాలోకి మార్చింది.

జావా లోపల కూడా కత్తిరింపు నెమ్మదిగా సాగింది. 2004 నుంచి పాస్‌వర్డ్ ఫైలులో ఉన్నది ఉన్నట్టుగా రాసి ఉండే పదాలను, తిరిగి చదవడానికి వీలులేని హ్యాష్ రూపంలోకి మార్చే ఏర్పాటు 2018 మార్చిలో వచ్చిన జావా 10తో గానీ చేరలేదు. జావా ప్రోగ్రాము ఏ పని చేయవచ్చో, ఏది చేయకూడదో నిర్ణయించే సెక్యూరిటీ మేనేజర్ అనే పాత కాపలా 2021లో వచ్చిన జావా 17లో తొలగింపు జాబితాకెక్కి, 2025 మార్చిలో వచ్చిన జావా 24లో శాశ్వతంగా పనిచేయడం మానేసింది. దానికి కొంచెం ముందు, 2024 సెప్టెంబరులో విడుదలైన జావా 23 నుంచి ఎమ్‌లెట్‌ను తీసివేశారు. ప్రోగ్రాము బయటివారి కోడ్‌ను దింపుకొని నడిపే ఆ సాధనం లేని జావాలో హీప్ వాడకం చెప్పే విలువా, జీసీ ఆజ్ఞా మాత్రం 2004లో ఉన్నట్టే, ఒకే మెమరీ ఎంబీన్‌లో, పక్కపక్కనే ఉన్నాయి.